పెద్దబాపు కప్పుకున్న చీర

పోయిన వారం షాద్‌నగర్‌లో మా ఇంటి పక్క దుకాణానికి ఫోను వచ్చింది. కల్వకుర్తి నుంచి తమ్ముడు. "పెద్దమ్మ పోయిందక్కా, జర జల్ది రా" అన్నాడు. గుండెనొప్పట. దవాఖానకు తీసుకుపోయేలోపే అయిపోయింది.

ఆమె మా బాపు అన్న భార్య. మా ఊళ్లో ఆమెను ఎరగని మనిషి ఉండొచ్చు గానీ బర్రె లేదు.

నా చిన్నప్పుడు గడ్డి కోసి తేవడం పెద్దబాపు పని. పేడ తీయడం, పాలు పిండడం, చల్ల చిలకడం పెద్దమ్మవి. పాలకేంద్రం వచ్చాక చిలికే పని తప్పింది. కేంద్రానికి పోయి పాలు పోసేది మాత్రం మగవాళ్లే. కొన్నేళ్లకు ఆడవాళ్ల సంఘం పెట్టి, పాలు పరీక్ష చేయడానికి చదువొచ్చినామె కావాలన్నారు. ఐదో తరగతి చదివిన పెద్దమ్మ నేను చేస్తానంది.

చిక్కల్లా ఒకటే. కేంద్రం తెరిచేదీ బర్రెను పిండేదీ ఒకే వేళ.

"నువ్వు పోతె బర్రెను ఎవలు పిండాలె?" అంది అవ్వ, ఆమె అత్త.

"నీ కొడుకుకు చేతులున్నయి గద అత్తా."

చేతులున్నాయి గానీ బర్రె చేపలేదు. పెద్దబాపు కూర్చుంటే చాలు, పాలు బిగబట్టి చెంబును తన్నేది. అవ్వకు లోలోపల సంతోషమే. "ఇగ కేంద్రం బందు పెట్టు" అని తేల్చేసింది. పెద్దమ్మ వాదించలేదు. తెల్లారి తాను విడిచిన చీర తెచ్చి పెద్దబాపు చేతిలో పెట్టింది.

"గిది కప్పుకోని కూసో. దానికి నా వాసన అలవాటు."

"ఎవలన్న చూస్తె నవ్వరా?"

"నవ్వనీ. నవ్వితె దెబ్బలు తాకవు గద."

పెద్దబాపు కొట్టం తలుపు వేసుకున్నాడు. బర్రె చేపింది. సంగతి ఊరికి తెలియడానికి ఎంతసేపు! చాలా రోజులు నవ్వారు. ఆ తర్వాత ఇంకో రెండిళ్లలో కూడా పిండే వేళకు కొట్టం తలుపులు మూసుకోవడం మొదలైంది.

ఒకసారి కేంద్రంలో పెద్దమ్మ, పెద్దబాపు తెచ్చిన పాలలో లాక్టోమీటరు ముంచి, "నీళ్లు తగిలినయి, వాపసు తీస్కపో" అంది అందరి ముందే. చెంబు కడిగి నీళ్లు వంచడం మరిచాడట.

"ఇంటోడినని సూడవా?"

"ఇంట్ల సూస్త. ఈడ పాలు సూస్త."

ఇవాళ పొయ్యి మీది పాలు చూసుకొమ్మని మా ఆయనకు చెప్పి నేను ఉద్యోగానికి పోతున్నానంటే, ఆ ధైర్యం ఎక్కడిదో నాకు తెలుసు. ఆ మాట ఆమెతో అనలేదు. అని ఉంటే "సాల్తియ్, అన్నం తిను" అనేది.

పెద్దమ్మను మట్టి చేసి వచ్చిన సాయంత్రం, చుట్టాలంతా వాకిట్లోనే ఉండగా బర్రె అరవడం మొదలుపెట్టింది. పక్కింటామె పిండబోతే దగ్గరికి రానివ్వలేదు. పెద్దబాపు లేచాడు. దండెం మీది పెద్దమ్మ చీర తీసి భుజాల చుట్టూ కప్పుకున్నాడు. చెంబు పట్టుకుని కొట్టంలోకి పోయాడు.

ఇన్నేళ్లలో మొదటిసారి తలుపు వేసుకోలేదు. వాకిట్లో అందరికీ కనబడుతూనే కూర్చున్నాడు. కాసేపటికి చెంబులో పాల ధార పడే చప్పుడు వినిపించింది.