నాలుగోసారికి ఒప్పుకున్న అర్జీ

మా పాలిటెక్నిక్ వర్క్‌షాప్ మాస్టారు మొన్న మంగళవారం పోయారు. ఫోన్లో కబురు చెబితే, నాతో చదివినతను "కారణం రాసివ్వందే ఆయన కదలరే!" అన్నాడు. ఆ తర్వాత ఇద్దరం ఏడ్చాం.

నిజమే. సెలవు చీటీలో "సొంత పని" అని రాస్తే మాస్టారు తీసుకునేవారు కాదు. "పనికి పేరు లేదా?" అనేవారు.

డిప్లొమా చేసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరడాన్ని దొడ్డిదారి అనే మేధావులు ఇప్పటికీ ఉన్నారు. పరీక్ష రాసి ర్యాంకు తెచ్చుకున్న మాది దొడ్డిదారైతే, యాజమాన్య కోటాలో దిగినవాళ్లది సింహద్వారమా?

మా ఇంజనీరింగ్ కాలేజీలో అలా పదిమందిమి చేరాం. నాతో కలిపి ఏడుగురం దళితవాడల నుంచి, ముగ్గురు మంగళగిరి మగ్గాల ఇళ్ల నుంచి. మా రోల్ నంబర్లు అందరి తర్వాత. ల్యాబులో మా వరస వచ్చేసరికి గంట కొట్టేవారు. మూడేళ్లు లేత్ మిషన్ మీద పనిచేసి వచ్చిన మేము దాన్ని దూరం నుంచి దర్శించుకునేవాళ్లం. "రిజర్వేషనూ డిప్లొమానూ! డబుల్ ఆఫర్" అని ఒక లెక్చరర్ జోకు. క్లాసంతా నవ్వేది.

ఇక మానేద్దామని టీసీకి అర్జీ రాశాను. ఇచ్చేముందు పాలిటెక్నిక్‌కు వెళ్లి మాస్టారికి చూపించాను.

"కారణం?"

"రాశాను కదండీ, వ్యక్తిగతమని."

"మిగతా తొమ్మిదిమందీ బాగున్నారా?"

"లేదండీ. అందరికీ ఇదే."

"పదిమందికి జరిగేది వ్యక్తిగతం ఎట్టా అవుద్దే, తిక్కదానా? తిరగరాయి."

రెండోసారి బాధగా ఉందని రాశాను. "నీ బాధ వాళ్లకేం కనపడుద్ది? ఏ రోజు, ఏ మిషను, ఎవరేమన్నారు, అది రాయి." మూడోసారి ఒళ్లుమండి నాలుగు పేజీలు నింపాను. ఆనందంగా చదివి, "సంతకం ఒక్కటే ఉందేంటి?" అన్నారు.

నాలుగోసారి పది సంతకాలతో ప్రిన్సిపాల్ గారి బల్ల మీద పెట్టాం. ఆయన చదివి మంచినీళ్లు తాగారు. మళ్లీ చదివి మళ్లీ తాగారు.

"ఇది టీసీకి అర్జీయా, నామీద కేసా అమ్మా?"

మర్నాడు ల్యాబులో వరస చివరినుంచి పిలిచారు. మేం ఇనప కడ్డీ బిగించి మిషన్ తిప్పుతుంటే, జోకుల లెక్చరర్ గారు దగ్గరికొచ్చి, "అదెట్టా చేశారు, మళ్లీ చూపించండి" అన్నారు.

అలా నేను డిగ్రీ దాకా వచ్చాను. ఈనాటికీ ఎన్ని కాలేజీల్లో అదే వరస, అదే గంట, అదే జోకు! నా రాతల్లో కోపం ఎక్కువని విసుక్కునేవాళ్లు ఆ తప్పు మాస్టారిదని గమనించాలి.

సమాధుల తోటకు వెళ్తుండగా శవపేటిక ఉన్న వ్యాను బందరు కాలువ గట్టు మీద ఆగిపోయింది. వెంట నడుస్తున్నది ముప్పైమంది ఇంజనీర్లం, అందరం ఆయన పాలిటెక్నిక్ నుంచి బీటెక్‌కు పంపినవాళ్లమే. ఒకరు బ్యాటరీ అన్నారు, ఒకరు డీజిల్ అన్నారు, ఒక ప్రభుత్వ ఇంజనీరు గారు కమిటీ వేసేలా కనిపించారు. వెనక ఆటోలోంచి మాస్టారి భార్య తల బయటపెట్టి, "ముందు తొయ్యండయ్యా! మీ చదువులు తర్వాత" అన్నారు.

మగవాళ్లు చొక్కా చేతులు మడిచారు. నేను కొంగు దోపుకున్నాను. కొంతదూరం పోయాక ఇంజన్ అందుకుంది. ఇక చాలని డ్రైవరు చెయ్యి ఊపాడు.

ఒక్కరూ చెయ్యి తీయలేదు.