మూసేసిన రంగుటద్దాల వెలుగు

దయ్యాల కథలు చెప్పేవాళ్ళ ముందు కూర్చుని పకపకా నవ్వే రకాన్ని నేను. చిన్నప్పుడు నన్ను భయపెట్టాలని చూసిన మా మేనత్త చివరికి తానే విసిగి ఊరుకుంది. ఇప్పటికీ నాకు వాటి మీద నమ్మకం లేదు. కానీ పట్టపగలు, పొయ్యి మీద పప్పు ఉడుకుతుండగా, నలుగురం కళ్ళారా చూసింది ఒకటుంది. దాన్ని ఏమనాలో మాత్రం నాకు తెలియదు.

ఇది యాభైల నాటి మాట. పటాన్‌చెరు వైపు కార్ఖానాలు ఇంకా రాలేదు. సంగారెడ్డి బజారులో మా మామగారికి బెల్లం, పప్పుల దుకాణం ఉండేది. నేను కాపురానికి వచ్చేసరికి ఆయన కొత్తగా ఒక ఇల్లు కొన్నారు. అమ్మినాయన బట్టల వ్యాపారం చేసే ముస్లిం. భార్య పోయాక ఇక్కడ ఉండలేక హైదరాబాదు వెళ్ళిపోయాడట.

ఆ ఇంటి హాలు మొత్తం నీలం. బట్టలకు పెట్టే నీలిమందు చిక్కగా కలిపితే ఎట్లా ఉంటుందో అంత నీలం. పడమటి గుమ్మం మీద అర్ధచంద్రాకారంలో పెద్ద కిటికీ, దానికి ఎరుపు, ఆకుపచ్చ, పసుపు అద్దాలు. గది మధ్యలో ఆరుగురు పడుకోగలిగే చెక్క తఖ్తు. అది ఏ గుమ్మంలోనూ పట్టదు. "తఖ్తు చేసినంక దాని సుట్టు ఇల్లు గట్టినట్టున్నరు" అనేవారు మా ఆయన.

మా అత్తమ్మకు ఆ ఇల్లంటే ఒళ్ళు మంట.

"ఇది ఇల్లా, పీర్ల కొట్టమా? నలుగురు నవ్వుతున్నరు. దసరాకు సున్నం కొట్టిస్త. ఆ అద్దాలు పీకి చెక్కలు కొట్టిస్త" అనేసింది.

నాకేమో ఆ గదిని చూడగానే ప్రాణం లేచివచ్చింది. పుట్టింట్లో అన్నీ మట్టిరంగు గోడలే. అంత ధైర్యంగా రంగులు వేయించుకున్న మనిషి ఎవరో ఒక్కసారి చూడాలనిపించింది. సంగతి తెలిసింది ఎదురింటి ముస్లిం ఆవిడ వల్ల, ఆమెను అందరూ ఖాలా, అంటే పిన్నీ, అని పిలిచేవారు. ఆమె మా గడప దాటేది కాదు. అత్తమ్మకు ఆచారం పట్టింపు. అరుగు మీద నిలబడే చెప్పింది.

"గా రంగులన్నీ బట్టలాయన పెండ్లాం, పోయిన బేగమమ్మ, దగ్గరుండి ఏపిచ్చింది బిడ్డా. రోజూ పగటీలి గా తఖ్తు మీదనే కూసుంటుండె. ఎవరింట్ల పెండ్లున్నా పూలదండలు ఆమెనే గుచ్చాలె."

దసరా దాకా గడువు ఉంది కదా అని నేను పట్టుబట్టి ఆ గదిని సర్దాను. నీలం గోడకు ఎదురుగా ఇత్తడి బిందెలు తోమి వరుసగా పెట్టాను. నా పసుపు చీర ఒకటి చింపి తెరలు కుట్టాను. అద్దాల రంగులు పడే చోట మాత్రం ఏమీ పెట్టలేదు, నేలను ఖాళీగా వదిలేశాను. మా ఆయన చూసి, "బాగనే ఉన్నదే" అన్నారు. మామగారు దుకాణం నుంచి వచ్చి ఆ గదిలోనే కూర్చోవడం మొదలుపెట్టారు. అత్తమ్మ మాత్రం మూతి ముడిచింది. అత్త మెచ్చిన కోడలు లేదని ఊరికే అన్నారా?

బతుకమ్మ మొదలయ్యే పెత్రమాస అమావాస్యకు ముందే వడ్రంగి వచ్చాడు. అద్దాలు ఊడదీసి, గడ్డి పరిచిన గంపల్లో పెట్టి దుకాణం గోదాముకు పంపించారు. కిటికీకి చెక్కలు బిగించాడు. గదిలో చీకటి పడింది, నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను. సున్నం వేసేవాళ్ళకు పండుగ పనులు ఎక్కువై, చివరి రోజైన సద్దుల బతుకమ్మ తెల్లారి వస్తామన్నారు.

సద్దుల బతుకమ్మ నాడు పొద్దుటి నుంచీ ముసురు. ఇంట్లో పొడిగా ఉన్నది ఆ తఖ్తు ఒక్కటే కాబట్టి అత్తమ్మా నేనూ దాని మీదే పూలు పోసుకున్నాం. తంగేడు ఒక పక్క, గునుగు ఒక పక్క. తెల్లటి గునుగు పూలను ఎరుపు, ఆకుపచ్చ నీళ్ళలో ముంచి అద్దుతాం కదా, ఆ రంగులు ఇంకా కలపనే లేదు. ఖాలా తమ చేనులోని గునుగు ఇంకో కట్ట తెచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

అప్పుడు ఆ తెల్లటి పూల మీద రంగులు పడ్డాయి. ఎరుపు, ఆకుపచ్చ, పసుపు, అద్దాలు ఉన్నప్పుడు ఎట్లా పడేవో అట్లాగే. నా చేతుల మీద కూడా పడ్డాయి. తలెత్తి చూశాను. పైన చెక్కలు చెక్కల్లాగే ఉన్నాయి, బయట వాన పడుతూనే ఉంది.

భయం వేయలేదు. ఎంత బాగుందో అనుకున్నాను, అంతే.

ఇంటి పెద్దావిడ ఎదురొచ్చినట్టు ఖాలా తల మీదికి కొంగు లాక్కుంది. అప్పుడే తడుస్తూ లోపలికి వచ్చిన మా ఆయన గడప మీదే ఆగిపోయారు.

అత్తమ్మ ఆ పూల వైపు చూసింది. తర్వాత తన చీర కుచ్చిళ్ళు దగ్గరికి తీసుకుని పక్కకు జరిగింది.

"జెరంత జరుగు పిల్లా. ఆమెకు జాగియ్యి" అంది.

నేను జరిగాను. మా మధ్య ఒక మనిషి కూర్చునేంత చోటు వచ్చింది. అత్తమ్మ గుమ్మం వైపు చూసింది.

"నిలబడ్డవేంది ఖాలా? లోపటికి రా. పూలు శానున్నయి."

ఖాలా మా గడప దాటడం అదే మొదలు. ఆ చోటు ఖాళీగానే ఉంచి, ముగ్గురం కలిసి బతుకమ్మను పేర్చాం. గునుగుకు రంగు అద్దనేలేదు. పేర్చడం అయ్యేదాకా ఆ వెలుగు ఉంది, తర్వాత లేదు.

మా ఆయన నిచ్చెన వేసుకుని ఎక్కి చూశారు. చెక్కల మధ్య సూది దూరే సందు కూడా లేదు. గోదాముకు పోయి చూస్తే గంపల్లో అద్దాలు గడ్డిలో అట్లాగే ఉన్నాయి.

తెల్లారి సున్నం బిందెలతో వచ్చినవాళ్ళను అత్తమ్మే వెనక్కి పంపింది. "గోడ మంచిగనే ఉన్నది, పోండి" అంది.

ఎన్నో విధాలుగా ఆలోచించాను. ఎక్కడో తళతళలాడే వస్తువు ఉండి ఉంటుందనుకున్నాను, కళ్ళ భ్రమ అనుకున్నాను. నలుగురికీ ఒకే భ్రమ ఎట్లా వస్తుంది? ఏదీ కుదరలేదు. దయ్యాలున్నాయా అని మనవరాళ్ళు అడిగితే ఇప్పటికీ లేవనే చెబుతాను.

కానీ అత్తమ్మ పోయేదాకా ఆ తఖ్తు మీద ఒక పక్కకే కూర్చుంది. ఇప్పుడు నేనూ అంతే.