జాంగడ్ మీద ఉన్న కమ్మలు

వశరామ్ భాయ్ పని జోడీలు కట్టడం. సానపట్టి వచ్చిన వజ్రాల్లోంచి ఒక చెవికి ఒకటి, రెండో చెవికి సరిగ్గా అలాంటిదే ఇంకొకటి ఏరి పక్కన పెట్టాలి. బరువు, రంగు, మెరుపు మూడూ కలవాలి. సూరత్ వరాఛాలో మా కార్ఖానాలో ఆ పనికి ఆయనొక్కడే. మిగతా వాళ్ళమంతా ఘంటీలనే సానచక్రాల చుట్టూ నలుగురేసి కూర్చుని సానపట్టేవాళ్ళం. తర్వాత శేఠ్ ఒక యంత్రం తెచ్చాడు. అది ఆయనకంటే వేగంగా, ఆయనంత సరిగ్గానూ ఏరింది. "నాకు కళ్ళు నొప్పెడతాయి, దానికి పెట్టవు" అని ఆయనే ఒప్పుకున్నాడు. శేఠ్ జీతం తగ్గించాడు గానీ పంపించెయ్యలేదు. దాన్నే దయ అనుకున్నాం.

ఆయనది కాఠియావాడ్‌లో గారియాధర్ దగ్గర పల్లె. వేరుశనగ చేను వరసగా ఎండిపోతే మేనమామ వెంట సూరత్ వచ్చాడు. పెళ్ళయ్యాక ముక్తాబేన్ వచ్చింది. వంటిల్లు లేని మాలాంటి వాళ్ళకు ఆమె డబ్బాలు కట్టేది. సజ్జరొట్టె, వంకాయ కూర, మజ్జిగ. డబ్బా రాకపోయిన రోజునే ఆమెకు జబ్బు చేసిందని మాకు తెలిసింది. రెండు కిడ్నీలూ పోయాయి.

ఆయన్ని అర్థం చేసుకోవాలంటే మా బజారు సంగతి కొంచెం చెప్పాలి. ఇక్కడ సరుకు జాంగడ్ మీద చేతులు మారుతుంది. అంటే సరుకు ఇంకొకడిది, నమ్మకం మీద నీ దగ్గరుంది. అమ్ముడైతే డబ్బు ఇస్తావు, కాకపోతే సరుకు తిరిగి ఇస్తావు. ఒక చిన్న చీటీ తప్ప సాక్ష్యం ఉండదు. మాట తప్పినవాడికి ఆ వీధిలో చాయ్ కూడా అరువు పుట్టదు. రాయికి రాయి మార్చుకునే పద్ధతీ ఉంది. అందులో ఒకటి మెరుగైతే, దాన్ని తీసుకున్నవాడు తేడా కట్టాలి. తేడా ఉంచుకోవడం ఇక్కడ దొంగతనం కింద లెక్క. వశరామ్ భాయ్ చదువు నాలుగో తరగతి. నేర్చుకున్న నీతంతా ఆ వీధిలోదే.

భార్యకు తన కిడ్నీ ఇస్తానన్నాడు. ఆయనది ఏ గ్రూపు, ఆమెది బి. కుదరదన్నారు. కొడుకు ఇంకా బడికి వెళ్ళే పిల్లవాడు. ఆమె అన్నదమ్ముల్లో ఒకడికి షుగరు, ఇంకొకడి ఇంట్లో ఒప్పుకోలేదు. డయాలిసిస్‌కి సూదులు గుచ్చీ గుచ్చీ ముక్తాబేన్ చేతుల్లో నరాలు మూసుకుపోయాయి. ఇక మెడలోంచే చెయ్యాలి, అదీ ఎక్కువకాలం సాగదు అని డాక్టరు చెప్పాడు. అప్పుడు ఎవరో అహ్మదాబాద్‌లో కిడ్నీకి కిడ్నీ మార్పిడి కుదిర్చే చోటు ఉందన్నారు.

అక్కడ పరిచయమైన మనిషి కేతకీబేన్. డాక్టరు కాదు, విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం చెప్తుంది.

"అర్థశాస్త్రమంటే డబ్బు చదువు కదా బేన్. ఆసుపత్రిలో మీకేం పని?" అని అడిగాడట ఈయన.

"డబ్బు పెట్టి కొనకూడనివి కూడా పంచుకోవాలి కదా వశరామ్ భాయ్. బడిలో సీట్లు, ఆసుపత్రిలో మంచాలు, ఈ కిడ్నీలూ. నా పని అదే. మీరేం చేస్తుంటారు?"

చెప్పాడు. ఆవిడ ముఖం వెలిగిందట.

"అయితే మీకు తేలిగ్గా అర్థమవుతుంది. మీ ఇద్దరిదీ కలవని జోడీ. అలాంటివి మీ ముందు కుప్ప పోస్తే ఏం చేస్తారు?"

"జోడీలన్నీ విడదీసి, కలిపేసి, మళ్ళీ ఏరతాను."

"నా కంప్యూటర్ చేసేదీ అంతే. కుప్పలో ఎక్కువమందికి కిడ్నీ దక్కే దారి ఏదో వెతుకుతుంది."

అలా వెతికితే మూడు జంటల వలయం ఒకటి దొరికింది. లూణావాడాలో టెంపో నడిపే ధీరూ భార్య లీలాబేన్ కిడ్నీ మన ముక్తాబేన్‌కి. వశరామ్ భాయ్‌ది రాజ్‌కోట్ ఆయన ఒకరికి. ఆ రాజ్‌కోట్ ఆయన భార్యది ఓ గ్రూపు. ఆమె కిడ్నీ ధీరూకి. ధీరూకి ఓ తప్ప ఇంకేదీ పనికిరాదు. ఓ గ్రూపు దాతలు ఈ జాబితాలోకి దాదాపు రారు. వాళ్ళ రక్తం ఎవరికైనా సరిపోతుంది కనుక ఇంట్లోవాళ్ళకే ఇచ్చుకుంటారు. రాజ్‌కోట్ దంపతులకు ఇంకేదో పరీక్ష కలవక ఆమె వచ్చింది. వలయానికి ఆమె తాళంచెవి.

ఆపరేషన్లన్నీ ఒకేసారి చేస్తామని కేతకీబేన్ చెప్పింది.

"ఎందుకు? ఒకరి తర్వాత ఒకరికి చెయ్యొచ్చుగా."

"తమవాళ్ళకి కిడ్నీ అందాక ఎవరైనా మేమివ్వం పొమ్మంటే?"

వశరామ్ భాయ్‌కి కోపం వచ్చింది. "మా బజారుకి ఒకసారి రండి బేన్. లక్షల సరుకు నోటిమాట మీద నడుస్తుంది."

"మీ బజారులో మాట తప్పితే సరుకు పోతుంది. ఇక్కడ మనిషి పోతాడు."

ఆ మాట ఒప్పుకున్నాడు. కానీ ఇంకో సందేహం ఉంది. లీలాకి ముప్పై ఒకటి. తనకి నలభై ఏడు. ధీరూకి ఇవ్వబోయే ఆవిడకి యాభై ఎనిమిది. అందరికన్నా మంచి రాయి ఇచ్చి, అందరికన్నా పాత రాయి తీసుకుంటున్నది లీలా. లాభపడుతున్నది తను.

"తేడా మాటేంటి బేన్?"

"తేడా లేదు. ఎవరి మనిషి కోసం వాళ్ళు ఇస్తున్నారు. మీ లెక్క లీలాబేన్‌తో కాదు, ముక్తాబేన్‌తో."

తల ఊపాడు. నమ్మలేదు.

అది శ్రావణమాసం. పరీక్షలకు మూడు కుటుంబాలూ ఆసుపత్రి వరండాలో కలుసుకున్నాయి. రాఖీ పున్నమి ఆ దగ్గర్లోనే ఉంది. లీలా తన సంచిలోంచి రాఖీ తీసి వశరామ్ భాయ్ చేతికి కట్టింది. "నాకు తోడబుట్టినవాళ్ళు లేరన్నా. వదినకి నాలోంచి ఒక ముక్క ఇస్తున్నా, ఇంకేం కావాలి చుట్టరికానికి" అంది. రాఖీ కట్టిన చెల్లెలికి అన్న పస్లీ ఇవ్వాలి. అది కానుక మాత్రమే కాదు, అన్నతనానికి రుజువు. ఆయన జేబులో బస్సు టికెట్లు తప్ప ఏమీ లేవు. ఖాళీ చేతులతో సూరత్ తిరిగివచ్చాడు.

ఆ వారం మధ్యాహ్నం భోజనానికి లేవకుండా రాళ్ళు ఏరాడు. శేఠ్ దగ్గర జీతంలో కోసుకోమని చెప్పి రెండు రాళ్ళు తీసుకుని, కమ్మలు కట్టించాడు.

"చెల్లెలి కోసమా, తేడా కోసమా?" అని నేను అడిగాను.

"రెండిటికీ సరిపోతాయి" అన్నాడు. ఒక్క వస్తువుతో రెండు బాకీలు తీరుతున్నందుకు ఆయనకు సంతోషంగా ఉంది.

లీలా వద్దందట. "చెల్లెలు కట్టిన దారం ఖరీదు నేనడిగానా?" అని ఆయన అనేసరికి పెట్టుకుంది.

అనుమతి ఇచ్చే కమిటీ ముందుకు ఆమె అవే పెట్టుకుని వచ్చింది. అన్న పెట్టిన వాటిని మంచి పనికి వెళ్తూ తీసేస్తే అన్నను అవమానించినట్టని ఆమె అనుకుంది. కమిటీ పెద్ద ప్రశ్నలన్నీ అయ్యాక, కాగితాలు సర్దుతూ మామూలుగా అడిగాడు.

"కమ్మలు బాగున్నాయమ్మా. కొత్తవా?"

"మా అన్న పెట్టాడు సాహెబ్."

"అన్నదమ్ములు లేరని ఇక్కడ రాశారే."

"ఈయనే సాహెబ్, వశరామ్ భాయ్."

"ఈయన ఎప్పటినుంచి అన్న?"

"రాఖీ నాటినుంచి."

"అంటే మొన్నటినుంచి."

లీలా నవ్వింది. ఆమె తప్ప ఎవరూ నవ్వలేదు. అక్కడితో ఊరుకుంటే పండగ కానుక అని వదిలేసేవారేమో. కానీ వశరామ్ భాయ్ లేచి నిలబడ్డాడు. తనను దొంగను చూసినట్టు చూస్తున్నారని ఆయనకు తోచింది. నిజం చెబితే చాలు, గౌరవం నిలుస్తుందనుకున్నాడు.

"సాహెబ్, చెల్లెలిది ముప్పై ఒకటి, నాది నలభై ఏడు. ఆ తేడా నేనుంచుకోకూడదు. అందుకని ఇచ్చాను."

కేతకీబేన్ కళ్ళు మూసుకుందని ముక్తాబేన్ తర్వాత నాకు చెప్పింది.

చట్టానికి కావలసింది ఆయన నోటితోనే ఆయన ఇచ్చాడు. కిడ్నీకి బదులు ఖరీదైన వస్తువు. రెండు కుటుంబాల మీదా విచారణ అన్నారు. ఈ దేశంలో కిడ్నీలు కొనేవాళ్ళున్నారని పేపర్లో చదువుతూనే ఉంటాం. వాళ్ళు కాగితాలన్నీ వరసలో పెట్టుకుని వస్తారు, ఎవరి చెవులకూ ఏమీ ఉండవు. పట్టుబడేది లెక్క తేల్చుకోవాలనుకున్నవాడే.

విచారణ ఎప్పటికి తేలుతుందో ఎవరూ చెప్పలేదు. రాజ్‌కోట్ ఆయన పరిస్థితీ బాగాలేదు. కేతకీబేన్ మిగిలిన జంటలతో మళ్ళీ లెక్క వేయించింది. నడియాద్ నుంచి కొత్తగా వచ్చిన జంటతో రాజ్‌కోట్ వాళ్ళకు కుదిరింది. వాళ్ళు వెళ్ళిపోయారు. ఇద్దరు బతికారు. వాళ్ళను ఆగమనడానికి ఎవరికి నోరొస్తుంది? వాళ్ళతోపాటే ఓ గ్రూపు కిడ్నీ కూడా పోయింది.

కమ్మలు తిరిగి తీసుకున్నట్టు రాయించి తెస్తే విచారణ ముగిస్తామని కమిటీ చెప్పింది. చెల్లెలికిచ్చిన పస్లీ వెనక్కి తెచ్చుకున్న అన్నను వశరామ్ భాయ్ పుట్టిన ప్రాంతంలో ఎవరూ చూసి ఉండరు. "నేను వెళ్ళను" అన్నాడు. ముక్తాబేన్ మెడకు ట్యూబు ఉంది. గట్టిగా మాట్లాడలేదు.

"నీ పరువు నాకంటే ఎక్కువ రోజులు బతుకుతుందిలే. ఉంచుకో" అంది.

వెళ్ళాడు. తోడుగా నన్ను రమ్మన్నాడు. లూణావాడాలో ధీరూ మంచం మీద ఉన్నాడు, కాళ్ళు ఉబ్బి. లీలా అత్తగారు గుమ్మంలోనే అందుకుంది.

"రండి రండి. కాఠియావాడ్ మర్యాద గురించి వినడమే గానీ చూళ్ళేదు. పెట్టిన చేత్తోనే ఊడబీకడానికొచ్చారా?"

"బా, నువ్వు లోపలికెళ్ళు" అని లీలా కమ్మలు తీసి ఆయన అరచేతిలో పెట్టింది. బోసి చెవులతో ఉండకూడదని అక్కడే చీపురుపుల్ల విరిచి తమ్మెలకు గుచ్చుకుంది. కాగితం మీద సంతకం పెట్టింది. చాయ్ ఇచ్చింది. ఆయన చాయ్ చల్లారిపోయింది.

దీపావళి తర్వాత అనుమతి వచ్చింది. ఓ గ్రూపు దాత మాత్రం రాలేదు. చలి ముదిరాక ధీరూకి ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. పోయాడు. భర్తే లేనప్పుడు లీలా ఎవరి కోసం ఇవ్వాలి? ఇస్తానన్నా చట్టం ఒప్పుకోదు. వలయంలో ఆమె గడి ఖాళీ అయిపోయింది.

కేతకీబేన్ సూరత్ వచ్చి వాళ్ళింట్లో కూర్చుంది. నేనూ ఉన్నాను. ఆవిడ మీద నాకు కోపం. "మీ లెక్కలో ధీరూ భాయ్ ఎక్కడున్నాడు?" అని అడిగాను.

"లెక్క సరిగ్గానే ఉంది. ముందే వీళ్ళని కలవనిచ్చింది నేను" అంది. "కలిస్తే ధైర్యం వస్తుందనుకున్నాను. కలిస్తే చుట్టరికం వస్తుందనుకోలేదు." ఆ తర్వాత అహ్మదాబాద్‌లో ఆపరేషన్ అయ్యేవరకు కుటుంబాలు ఒకరినొకరు చూడకూడదని నియమం వచ్చింది. అది మంచి నియమమే. దాని తర్వాత ఏ వలయమూ తెగలేదని విన్నాను.

హోలీ దాటాక పాటణ్ నుంచి ఒక తండ్రీ కూతురూ జాబితాలోకి వచ్చారు. తండ్రిది బి, కూతురిది ఏ. ఆయన కిడ్నీ ముక్తాబేన్‌కి, వశరామ్ భాయ్‌ది ఆ అమ్మాయికి. అంతా సవ్యంగా జరిగింది. ముసలాయనకి అరవై రెండని తర్వాత తెలిసింది. ఈసారి తేడా అటువైపు ఉంది. వశరామ్ భాయ్ ఆ మాటే ఎత్తలేదు. ఇంటికెళ్ళే ముందు ముసలాయన పేడా మిఠాయి పెట్టె తెస్తే కంగారుగా వెనక్కి నెట్టాడు.

"అయిపోయిందిగా వశరామ్ భాయ్, ఇప్పుడు తినొచ్చు" అంది కేతకీబేన్.

"ముందు మీరు తినండి బేన్" అన్నాడు.

మళ్ళీ శ్రావణం వచ్చింది. కమ్మల పొట్లం జేబులో పెట్టుకుని లూణావాడా వెళ్ళాడు. ఇప్పుడు ఇద్దరి మధ్యా ఇచ్చిపుచ్చుకునేది ఏమీ లేదు, ఏ కమిటీ అడగదు, ఇది వట్టి పస్లీ అనుకున్నాడు. లీలా టైలరింగ్ పని చేస్తోందట. మిషను ఆపి, ముందు ముక్తాబేన్ సంగతి అడిగింది.

"వదిన ఉప్పు తగ్గించిందా?"

"తగ్గించింది. ఊరగాయ మాత్రం దొంగతనంగా తింటోంది."

"చెప్పు, నేను తిట్టానని."

ఆయన పొట్లం తీశాడు. ఆమె చూసి, మళ్ళీ మిషను మీద గుడ్డ సర్దుకుంది.

"ఇంట్లో చావు జరిగి ఏడాది కాలేదన్నా. ఈసారి రాఖీ లేదు."

"రాఖీ కట్టకపోయినా ఫర్వాలేదు. ఇవి నీవి."

"అప్పుడెందుకు పట్టుకెళ్ళావు?"

"అప్పుడు కమిటీ ఉంది."

"ఇప్పుడు ఆయన లేడు" అంది. కోపంగా కాదు. పొట్లం ముట్టుకోలేదు.

ఆయన తిరిగివచ్చి ఇదంతా ఘంటీ పక్కన కూర్చుని చెప్పాడు. పనిముట్ల సొరుగులో ఆ పొట్లం పెట్టాడు. మొన్న శేఠ్ కార్ఖానాలో సరుకంతా లెక్క చూస్తూ ఆ సొరుగు లాగాడు. పొట్లం విప్పి, కిటికీ వెలుగులో పెట్టి చూశాడు.

"మంచి జోడీ. ఎవరి సరుకిది?"

వశరామ్ భాయ్ పొట్లం తీసుకుని, మడతలు పోకుండా మూసి, మళ్ళీ సొరుగులో పెట్టాడు.

"మా చెల్లెలిది శేఠ్. జాంగడ్ మీద నా దగ్గరుంది."