ఒక్క లైసెన్సు, బంధువులందరికీ

మార్కాపురంలో ఒక పలకల ఫ్యాక్టరీలో కంప్యూటర్లు చూసుకోవడం నా పని. ఆఫీసులోని సర్వర్‌నూ, గిద్దలూరు, దొనకొండ బ్రాంచీల కంప్యూటర్లనూ కుర్చీలోంచి కదలకుండా బాగుచేసే సాఫ్ట్‌వేర్ ఒకటి మాకుంది. ఒకరోజు పొద్దున్నే దాన్ని అమ్మిన కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. మీ లైసెన్సుకు మించి కంప్యూటర్లు కనిపిస్తున్నాయి, రేపు ఫోన్లో తనిఖీ, ఒప్పందాన్ని అంగీకరించిన మనిషి తప్పక ఉండాలి అని.

అంగీకరిస్తున్నానని నొక్కిన వేలు నాది. అక్కడున్న పేరూ నాదే.

జాబితా తెరిచాను. కొత్త కంప్యూటర్లు కనిపించినప్పుడల్లా యజమానిని అడిగేదాన్ని. "మనదేలే" అనేవాడు. బ్రాంచీలో కొత్తగా కొన్నారనుకునేదాన్ని. ఇప్పుడు ఒక్కొక్కటే విప్పి చూస్తే ఒకటి గిద్దలూరులో మందుల షాపు, ఒకటి దోర్నాలలో హోటలు. అన్నీ ఆయన బంధువులవే. చిట్టచివర కంభం జిరాక్స్ అని ఉంది. అది మా నాయన నడిపే దుకాణం. నాకు తెలియదంటే ఎవరు నమ్ముతారు?

యజమానిని నేను పెదనాయనా అని పిలుస్తాను. చుట్టరికమేమీ లేదు, మా వైపు అందరినీ ఏదో ఒక వరసతో పిలవాల్సిందే. జాబితా చూపిస్తే ఆయన మాత్రం అదరలేదు.

"నేనే వాట్సాప్‌లో దాని లింకు అందరికీ, మీ నాయనకు గూడా పంపించినా. ఎక్కించుకోండి, మా అమ్మాయి ఈడనుంచే బాగుచేస్తాది అన్నా. కొన్నాక మనదే గదా, ఏంది నీ భయం?"

"మనం కొన్నది సాఫ్ట్‌వేర్‌ని గాదు పెదనాయనా, వాడుకునే అనుమతిని. అది గూడా మన ఫ్యాక్టరీ కంప్యూటర్లకే, ఇన్నింటికే అని. సర్వర్‌కు మళ్లా వేరే లైసెన్సు. బస్సు పాసు మాదిరి. నీ పాసు మీద మీ బావ పోతానంటే కుదురుతాదా?"

"కండక్టరు మనోడైతే కుదురుతాది" అని నవ్వాడు.

నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. ఆయనకు నవ్వులాట, నాకు ఉద్యోగం. కేసంటూ పెడితే ముందు పిలిచేది నన్నే. బంధువులవని నిజం చెప్పి తీసేద్దామని బతిమాలాను.

"బావ అంగడి మాది గాదని పరాయోళ్ల ముందర ఎట్ల చెప్పమంటావు?" అన్నాడు. ఆయన దృష్టిలో దొంగతనం కన్నా అదే పెద్ద తప్పు.

మర్నాడు ఫోను బల్లమీద పెట్టి స్పీకరు ఆన్ చేశాం. అవతలి మనిషి పేరు పేరునా అడుగుతున్నాడు.

"గిద్దలూరు మందుల షాపు మీదేనా?"

"మాదే."

"దోర్నాల హోటల్?"

"అదీ మాదే."

ఆయన మాదే అన్నకొద్దీ తప్పు పెరుగుతోంది.

"కంభం జిరాక్స్?"

ఆయన నోరు తెరిచాడు. నేను ఇక ఆగలేకపోయాను.

"అది మా నాన్నది. ఫ్యాక్టరీది కాదు."

"అంటే మీరే పెట్టారా?" అని అడిగిందా గొంతు. నేను పెదనాయన వైపు తిరిగాను.

పెదనాయన నా మొహం చూశాడు. నవ్వు పోయింది.

"ఆ యమ్మికి తెల్దు. పంపించింది నేను. గిద్దలూరుది మా బావది, దోర్నాలది మా తోడల్లుడిది. ఏదీ మాది గాదు" అన్నాడు. ఆ చివరి మాట తల దించుకుని అన్నాడు.

జరిగింది యజమాని పేరుతోనే రాసి పంపమన్నారు. బయటివన్నీ తీసేయడానికి గడువిచ్చారు. ఉద్యోగం నిలిచింది. ఒక్కొక్కటే తీసేస్తూ కంభం దాన్ని చివరికి ఉంచుకున్నాను. నాయనకు ఫోన్ చేసి, ఆ సాఫ్ట్‌వేర్ తీసేస్తున్నానని చెప్పాను.

"మనోళ్లని ఇచ్చినాడు గదమ్మా" అన్నాడు, భయపడుతూ. "ఇప్పుడు మనమేం తప్పు జేసినాం?"