సాంచెలు ఆగితే వినిపించే రేడియో

తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను అంగన్‌వాడీలో పిల్లలకు అన్నం పెడుతున్నాను. "అక్కా" అని ఆగిపోయాడు. వాడి గొంతు వెనుక ఏ చప్పుడూ లేదు. సిరిసిల్లలో మా వాడ నుంచి ఎవరు ఫోన్ చేసినా మనిషి మాటకంటే ముందు సాంచెల మోత వినిపిస్తుంది. మరమగ్గాన్ని మా దగ్గర సాంచె అంటారు. ఆ మోత లేకపోయేసరికి "కరెంటు పోయిందారా?" అని అడిగాను.

"కరెంటున్నదక్కా. అందరు సాంచెలు బంద్ వెట్టిండ్రు. పెద్దబాపు పోయిండు" అన్నాడు.

పిల్లల చేతులు కడిగించి, ఆయమ్మకు అప్పజెప్పి, కోరుట్ల బస్టాండుకు వచ్చాను. యాసంగి కోతల రోజులు. రుద్రంగి దాటినా, చందుర్తి దాటినా రోడ్డుకు ఒక పక్కంతా వడ్లు ఆరబోసి ఉన్నాయి. బస్సు మెల్లగా పోతోంది. ఆ వడ్లను చూస్తుంటే ఏడుపు ఆగలేదు. పక్క సీటు ఆమె ఏమైందని అడిగితే "మా పెద్దబాపు" అన్నాను. అంతకంటే వివరంగా అప్పుడు చెప్పలేదు. ఇప్పుడు చెప్తాను.

ఆయన మాకు చుట్టం కాదు. ఎదురింటాయన. నాన్నను మేం బాపు అంటాం; బాపు కంటే ఈయన కాస్త పెద్ద, అందుకని పెద్దబాపు. వాళ్లది కోనరావుపేట దిక్కు. తాత ముత్తాతల నుంచి సెంటు భూమి లేదు, దొరల పొలాల్లో కూలికి పోయిన ఇల్లు. పెళ్లయిన కొత్తలో పెద్దమ్మను వెంటబెట్టుకుని సిరిసిల్లకు వచ్చి సాంచెల పనిలో చేరాడు. మా బాపు, ఆయన ఒకే కార్ఖానాలో పక్కపక్క సాంచెల మీద నిలబడ్డారు. వచ్చేటప్పుడు ఊరి నుంచి ఆయన తెచ్చుకున్న సామానులో విలువైనది ఏదైనా ఉందంటే అది చెక్కపెట్టె రేడియో.

సాంచెల కార్ఖానాలో రేడియో ఏమిటని మీకు అనిపించవచ్చు. పేక నూలు మోసే నాడె అటూ ఇటూ కొట్టుకునే ఆ మోతలో పక్కవాడి కేకే వినిపించదు. అక్కడివాళ్లు పెదవుల కదలిక చూసి, చేతి సైగలు చూసి మాట్లాడుకుంటారు. కానీ అది కరెంటు కోతల కాలం. చెప్పాపెట్టకుండా కరెంటు పోయేది. అన్ని సాంచెలూ ఒక్కసారిగా ఆగిపోయేవి. అప్పుడు తలుపు పక్కన, నీళ్ల కుండ పైన ఉన్న గూట్లోంచి ఒక గొంతు తీరిగ్గా మాట్లాడుతూ వినిపించేది. పొద్దున్నుంచీ అది మాట్లాడుతూనే ఉంది, మాకే వినపడలేదు. సెల్లుల రేడియో కాబట్టి కరెంటుతో దానికి పని లేదు.

కరెంటు పోతే ఎవరూ మాట్లాడకూడదనేది ఆ కార్ఖానాలో ఆయన పెట్టిన కట్టుబాటు. బీడీలు వెలిగించుకునేవాళ్లు వెలిగించుకునేవారు, సద్దులు విప్పుకునేవాళ్లు విప్పుకునేవారు, నోళ్లు మాత్రం మూసుకునేవారు. బాపుకు సద్ది ఇవ్వడానికి పోయినప్పుడు నేను కూడా గడప మీద కూర్చుని వినేదాన్ని. ఎదురుగా మా అమ్మ, పెద్దమ్మ చేటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చేస్తూ వాకిట్లోంచే వినేవారు. వార్తలు, పంటల ధరలు, పసిపిల్లల టీకాలు, ఎవరిదో వీణ, ఒక నాటికలో నడిమి ముక్క. మళ్లీ కరెంటు వచ్చేది, అన్నీ మోతలో మునిగిపోయేవి.

అట్లా ముక్కలుగా వినడంలో చిక్కులు కూడా ఉండేవి. ఒకరోజు నాటికలో కోడలికి జ్వరం వచ్చి ఇల్లంతా కంగారు పడుతుండగా కరెంటు వచ్చింది. కాసేపటికి మళ్లీ పోయింది. రేడియోలో ఎవరో నెమ్మదస్తుడు "వేపాకు కషాయం పొద్దుమాపు చల్లితే మూడో రోజుకు ఉధృతి తగ్గుతుంది" అంటున్నాడు. చందుర్తి నుంచి వచ్చే ఒకాయన అది మనసులో పెట్టుకుని ఇంటికి పోయి, జ్వరంతో ఉన్న అత్త మంచం చుట్టూ కషాయం చల్లించాడు. అత్తకు జ్వరం తగ్గింది. మరునాడు వచ్చి గొప్పగా చెప్పాడు. పెద్దబాపు నవ్వు ఆపుకోలేక, "అరే, గది పత్తిచేను రోగం గురించిరా. నాటిక అప్పటికే అయిపోయింది" అన్నాడు. చాలా కాలం ఆ మనిషి కనిపిస్తే "మీ అత్త పత్తి ఎట్లున్నది?" అని అడిగేవారు.

నాటికల చివర్లు మాకు దాదాపు ఎప్పుడూ దొరకలేదు. దొరకని చివర్లను పెద్దబాపు తనే చెప్పేవాడు. ఆయన చెప్పే చివర్లలో అలిగి పోయినవాళ్లందరూ ఇంటికి తిరిగి వచ్చేవారు, వచ్చినవాళ్లకు వేడి అన్నం ఉండేది. "నిజంగ గట్లనే అయిందా?" అని నేను నిలదీస్తే, "మరి ఎట్లయితదే బిడ్డా, అన్నం తినకుంట కత ఎట్ల వొడుస్తది" అనేవాడు.

నవ్వులాటగా చెప్తున్నాను గానీ, ఆ ముక్కల వల్ల జరిగిన మేలు చిన్నది కాదు. కార్ఖానాలో సగం మంది చుట్టూ ఊళ్ల నుంచి వచ్చేవాళ్లే. కోతల కాలంలో వాన కబురు వినపడితే పెద్దబాపు ఒక్కొక్కరి సాంచె దగ్గరికీ పోయి, వేళ్లు కిందికి రాలుస్తూ వాన సైగ చేసేవాడు. సాయంత్రం బస్సుకు పోయేవాళ్లు ఆ కబురు మోసుకుపోయి ఊళ్లో చెప్పేవారు. కల్లాల మీద వడ్లకు పరదాలు పడేవి. కోనరావుపేటలో పెద్దబాపు తమ్ముడు అప్పటికి కౌలుకు చేస్తున్నాడు. తడిసిన వడ్లను కొనేవాడు ఉండడు. ఒక్క వాన పడితే ఆ ఇంటి ఏడాది తిండి పోయినట్టే.

"గా రేడియోకు మనమేం ఇస్తున్నమని ఇన్ని చెప్తది?" అని ఒకసారి మా బాపు అడిగాడు. పెద్దబాపు నాడెలో నూలు కండె మార్చుకుంటూ, "రుద్రంగి బస్సుల ఇద్దరే ఎక్కిన్రనుకో, పోతదా పోదా? పోతది. ఎందుకు, అది సర్కారు బస్సు. గిది గూడ గట్లనే. ఇద్దరే ఇన్నా చెప్తది" అన్నాడు. మా బాపు పోయి చాలా ఏళ్లయింది. ఆ బస్సు మాట మాత్రం మా ఇంట్లో ఇప్పటికీ నడుస్తుంది.

రాష్ట్రం వచ్చాక కరెంటు కోతలు పోయాయి. అందరం సంతోషించాం. పెద్దబాపూ సంతోషించాడు, ఆగకుండా సాంచె నడిస్తేనే కూలి. కానీ కరెంటు పోకపోయేసరికి రేడియో పైకి తేలే సందు లేకుండా పోయింది. నెలలకు నెలలు కార్ఖానాలో దాని గొంతు ఎవరూ వినలేదు. కుర్రవాళ్లు చెవుల్లో తీగలు పెట్టుకుని ఫోన్లో పాటలు వినడం మొదలుపెట్టారు. అయినా ఆయన పొద్దున్నే వచ్చి మొదట రేడియో పెట్టేవాడు, తర్వాతే సాంచె తిప్పేవాడు. సెల్లులు నీరసిస్తే ప్రహరీ మీద ఎండలో పెట్టి మళ్లీ వేసేవాడు.

అదే రోజుల్లో ఆయనకు చెవులు మందగించాయి. ఇన్నేళ్ల మోతకు సాంచెల మీద పనిచేసినవాళ్లలో చాలామందికి ఇది తప్పదు. నేనే జగిత్యాలలో డాక్టర్ దగ్గరికి తీసుకుపోయాను. వినికిడి మిషన్ ఇప్పించాను. అది పెట్టుకుని కార్ఖానాకు పోతే మనిషి మాట పెరగలేదు, సాంచెల మోతే పెరిగింది. తీసి పెద్దమ్మ చేతిలో పెట్టాడు. తర్వాత కొన్నాళ్లకు మిషన్ పెట్టుకున్నా రేడియో మాట అందకుండా పోయింది. ఆయన ఏడవడం నేను ఒక్కసారే చూశాను. రేడియోను చెవికి ఆనించుకుని, చాలాసేపు అట్లాగే ఉండి, "గుయ్యుమంటున్నది బిడ్డా, మాట సమజైతలేదు" అన్నాడు.

ఆ తర్వాత నేను కోరుట్ల నుంచి వచ్చినప్పుడల్లా సాయంత్రం ఆయన ముందు కూర్చునేదాన్ని. రేడియో నా పక్కన ఉండేది. అది చెప్పింది నేను పెదవులతో చెప్పేదాన్ని, గొంతు అక్కర్లేదు. సాంచెల మనిషి కదా, పెదవులు చదవడం ఆయనకు బాగా తెలుసు. పాట వస్తే "పాట" అని చెప్పి ఊరుకునేదాన్ని. "ఎసొంటి పాట?" అని అడిగేవాడు. ఎసొంటి పాటో చెప్పడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది.

సాంచె మీద నిలబడే శక్తి పోయాక అదే కార్ఖానాలో కూర్చుని కండెలు చుట్టేవాడు. రేడియో మాత్రం మానలేదు. కార్ఖానా ఆసామి కొడుకు ఇప్పుడు దాన్ని చూసుకుంటున్నాడు, మంచివాడే. ఒకరోజు నా ఎదుటే ఆయన ముందుకు వచ్చి నిలబడి, పెదవులు అందేలా నిదానంగా అడిగాడు.

"తాతా, సాంచెల మోతల మాకు ఇనవడది. నీకు చెవులే ఇనరావు. గది ఎవ్వలకోసం పెడుతున్నవ్? అన్నీ ఫోన్లనే ఉన్నయి గద."

"ఫోను నువ్వు అడిగింది చెప్తది. గిది అడుగుడు యాదికి లేనిది చెప్తది" అన్నాడు పెద్దబాపు. చుట్టిన కండెను గంపలో వేసి, "నాకు ఇనరాకపోతేంది. సాంచె ఎప్పుడన్న ఆగుతది. ఆగినప్పుడు అది మాట్లాడుకుంట ఉండాలె" అన్నాడు.  మరుసటి వారం ఆ పిల్లవాడు కొత్త సెల్లులు తెచ్చి గూట్లో పెట్టాడని తర్వాత తెలిసింది.

ఆయన కోరినది అంతే. తనకు వినపడకపోయినా అది ఆగకూడదు. దాన్ని అప్పట్లో నేను ముసలితనపు పట్టుదల అనుకున్నాను. అంగన్‌వాడీలో ఏ తల్లికి ఏ కబురు అందలేదో, అందక ఏం జరిగిందో చూస్తూ వచ్చాక, అడగనివాళ్లకు కూడా చెప్పే గొంతు ఒకటి ఉండాలని నాకూ అనిపించింది. నాకు ఆ బుద్ధి ఆయన దగ్గర అబ్బిందే.

నేను వాడకు చేరేసరికి పొద్దు వాలుతోంది. బస్సు దిగి సందు తిరిగిన దగ్గర్నుంచి ఆ నిశ్శబ్దం నాకు కొత్తగా ఉంది. భీవండిలో ఉన్న ఆయన బిడ్డ రావాలని దహనం మరునాటికి పెట్టుకున్నారు. డప్పులవాళ్లు కూడా ఇంకా రాలేదు. వాకిట్లో పెద్దబాపును పడుకోబెట్టారు. చుట్టూ జనం, ఎవరూ పెద్దగా మాట్లాడడం లేదు. పెద్దమ్మ నన్ను పట్టుకుని ఏడ్చింది. పొద్దున ఎప్పటిలాగే పోయి రేడియో పెట్టి వచ్చాడట. చాయ తాగి, కాసేపు ఒరుగుతానన్నాడట.

అప్పుడు విన్నాను. ఎదురుగా కార్ఖానాలో రేడియో మాట్లాడుతోంది. పొద్దున ఆయన పెట్టిన రేడియో. దాన్ని ఆపాలని ఎవరికీ తోచలేదు. ఎన్నో ఏళ్ల తర్వాత దాని గొంతు వాడంతా వినిపిస్తోంది. తమ్ముడు లేచి, "ఇంత దుఃఖంల గదెందుకు, బంద్ చేసొస్త" అని కదిలాడు.

"ఉండనియ్యిరా" అంది పెద్దమ్మ. "ఇయ్యాల సాంచెలు లెవ్వు. ఆయినను ఇననియ్యి."

తమ్ముడు మళ్లీ కూర్చున్నాడు. రైతుల కార్యక్రమం అయిపోయి వాతావరణం వచ్చింది. ఈ రాత్రి రాజన్న సిరిసిల్ల, జగిత్యాల జిల్లాల్లో అక్కడక్కడ ఉరుములతో వాన పడవచ్చని, ఆరబోసిన ధాన్యంపై పరదాలు కప్పుకోవాలని ఆ గొంతు ఎప్పటిలాగే తీరిగ్గా చెప్పింది. కోనరావుపేట నుంచి వచ్చిన పెద్దబాపు తమ్ముడి కొడుకు, అప్పటిదాకా ఆయన కాళ్ల దగ్గర కూర్చుని ఏడుస్తున్నవాడు, కండువాతో ముఖం తుడుచుకుని లేచాడు. గోడ పక్కకు పోయి ఫోన్ తీశాడు.

"ఒడ్లు కుప్ప జేసి పరదాలు కప్పుండ్రి. రాత్రికి వానట" అన్నాడు. అవతల ఎవరో ఏదో అడిగారు. వాడు వాకిట్లోకి తిరిగి చూశాడు.

"పెద్దబాపు చెప్పిండు" అన్నాడు.