నేను చెప్పిన సాక్ష్యం

మా ఎడ్ల జత పోయిన తెల్లవారుజామున కాలువ గట్టు మీద మంచు దట్టంగా కమ్ముకుంది. వాటిని తోలుకుపోతున్న మనిషి వీపు, ఎర్ర తలగుడ్డ మాత్రమే నాకు కనిపించాయి. మా వీధికి చేపలు తెచ్చే ఒకతను అలాంటి తలగుడ్డే కట్టేవాడు. దొంగ అతనేనని కోర్టులో ప్రమాణం చేసి చెప్పాను. రెండేళ్ల శిక్ష పడింది.

ఎనిమిది నెలల తరువాత పిఠాపురం సంతలో మా ఎడ్లు దొరికాయి. వాటిని అమ్మజూపినవాడు దొంగతనం ఒప్పుకున్నాడు. నేను మళ్ళీ కోర్టుకు వెళితే గుమస్తా భయపెట్టాడు.

"ఇప్పుడు మాట మారిస్తే కేసు మీ మీదకే వస్తుందండి."

అయినా పొరబడ్డానని రాసి సంతకం పెట్టాను. మరో రెండు నెలలకు ఆ చేపలతన్ని వదిలేశారు.

రాజమండ్రి జైలు నుంచి అతన్ని నేనే పడవలో తీసుకొచ్చాను. సగం దారిలో అతను నా వైపు తిరిగాడు.

"ఆ రోజు నా మొహం చూశారాండీ?" అని అడిగాడు.

"లేదు. మంచులో వీపే కనిపించింది."

"ఆ ముక్కే జడ్జీగారితో చెప్పాల్సిందండి."

అతని గొంతులో కోపం లేదు. క్షమించమని నేను అడగలేదు.

నరసాపురం రేవులో అతని భార్య ఎదురుచూస్తోంది. పడవ దిగి ఆమెతో నడిచి వెళ్ళిపోయాడు.

తరువాత చాలా ఏళ్ళు అతనికి బదులు ఆమె మా వీధిలో చేపలమ్మింది. మా గుమ్మం ముందు మాత్రం ఆగేది కాదు. ఆమెను పిలిచే ధైర్యం నాకూ రాలేదు.