‘కొట్టుకున్నారు’ అనకండి

మా ఎదురింటి డ్రిల్లు మాస్టారు కిందటి నెలలో పోయారు. ఆ వార్త నాకెవరూ మోసుకురానక్కరలేకపోయింది. సాయంత్రం బడి విడిచే వేళకు తెరుచుకునే ఆయన వీధి తలుపు ఆవేళ తెల్లవారేసరికే బార్లా తెరిచి ఉంది. లోపలినుంచి కోడలి ఏడుపు వినబడింది. కొవ్వూరులో ఆయనను ఎరగనివారు తక్కువ. ఆయన దేనికోసం తపించిపోయారో ఎరిగినవారు ఇంకా తక్కువ. అందుకే ఈ నాలుగు మాటలు.

నేను బాలికల హైస్కూలులో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరయ్యాను. పెళ్ళి చేసుకోలేదు. ఒంటరినని జాలిపడేవారిని గుమ్మం తొక్కనివ్వను. మాస్టారు ఏనాడూ జాలిపడలేదు. నేను వానలో తడిసి వస్తుంటే అరుగు మీంచే నవ్వేవారు. “గొడుగిద్దామంటే మేడంగారు ఊరుకోరు. వానకే చెప్పాలి, కాస్త ఆగమ్మా అని!”

ఆయన బాలుర హైస్కూలులో పనిచేసేవారు. డ్రిల్లు మాస్టారంటే బెత్తమే. ఆయన చేతిలోనూ ఉండేది. ఒకే ఒక్క మధ్యాహ్నం ఆ బెత్తాన్ని వదిలించింది.

పదో తరగతి పరీక్షల ఆఖరి రోజున పిల్లలు ఒకరి చొక్కాల మీద ఒకరు ఇంకు చల్లుకోవడం మా వైపు మామూలే. ఆ ఏడు ఆ ఇంకు వేరే బడి కుర్రాళ్ళ మీద పడింది. వాళ్ళు బస్టాండు వెనక మాస్టారి కబడ్డీ జట్టులోని పిల్లవాణ్ణి ఒంటరిగా పట్టుకుని క్రికెట్టు వికెట్టుతో కొట్టారు. రాజమండ్రి ఆస్పత్రికి తీసుకుపోతూ ఉండగా, గోదావరి వంతెన మీదనే వాడి ప్రాణం పోయింది.

మా ఆవరణలో జరగలేదన్నాయి రెండు బళ్ళూ. బడిపిల్లల తగవు బళ్ళే చూసుకోవాలన్నారు పోలీసులు. చివరికి విచారణలో మిగిలింది ఒక్క వాక్యం: విద్యార్థులు కొట్టుకున్నారు.

ఆ కబురు విని మాస్టారు మా వరండాలోకి వచ్చి నిలబడ్డారు.

“మీరు తెలుగు ఎమ్మే కదండీ. ‘కొట్టుకున్నారు’ అంటే ఇద్దరూ కొట్టినట్టే కదండీ?”

“అంతే, మాస్టారూ.”

“వాడు చెయ్యెత్తలేదండి. రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. చచ్చిపోయినవాడికి కూడా సగం తప్పు పంచేసింది కదండీ ఆ మాట!”

ఆ తరవాత ఆయన బెత్తం పట్టలేదు. ఇంటి అరుగు మీద ఒక కుర్చీ, దాని ఎదుట ఒక పీట వేశారు. వచ్చిన పిల్లలకు కుర్చీ. ఆయనకు పీట. “తలెత్తి చూస్తూ చెప్పాలంటే భయపడతారండి” అనేవారు. ఏ బడి పిల్లలైనా రావచ్చు. వచ్చి “కొట్టుకున్నామండి” అంటే ఒప్పుకునేవారు కాదు. “ఎవరు, ఎవర్ని? అది చెప్పు నాన్నా.” కొట్టినవాణ్ణి కూడా ఆ కుర్చీలోనే కూర్చోబెట్టేవారు. నేనొకసారి అభ్యంతరం చెప్పాను. “వాణ్ణి ఇంట్లో ఎవరు కొడుతున్నారో మనకి తెలియాలి కదండీ మేడంగారూ” అన్నారు.

ఒక అరుగుతో అయ్యే పని కాదని ఆయనకు తెలుసు. ఏ బడికి ఆ బడి పరువు కోసం దాచుకుంటుంది. అందుకని రాష్ట్రమంతటికీ ఒక కేంద్రం ఉండాలన్నారు. ఎక్కడ పిల్లలు భయపడుతున్నా అక్కడికి తెలియాలి. ఒక ఊళ్ళో జరిగినది మరో ఊళ్ళో జరగకుండా అక్కడినుంచి మనుషులు కదలాలి. ఆ ఒక్క కోరికతో ఆయన గౌతమీ ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాదు తిరిగారు, జుట్టు నెరిసేదాకా.

ఒకసారి నేనూ వెళ్ళాను. అక్కడి విద్యాశాఖ అధికారి మర్యాదస్తుడే. కాఫీ తెప్పించి, నవ్వుతూ అన్నాడు: “పిల్లలన్నాక కొట్టుకోరా మాస్టారూ? మనం కొట్టుకోలేదూ?”

“కొట్టుకున్నామండి. మీరూ నేనూ బతికున్నామండి.”

అధికారి కాఫీ కప్పు బల్ల మీద పెట్టేశాడు. “కేంద్రమంటే భవనం కావాలి, పోస్టులు కావాలి...” అన్నాడాయన. “ముందు ఒక ఫోనూ, అవతలినుంచి ‘ఎవరు కొట్టారమ్మా’ అని అడిగే ఒక మనిషీ చాలండి” అన్నారు మాస్టారు. పరిశీలిస్తామన్నాడు అధికారి. తిరుగు ప్రయాణంలో నా పెట్టె నేనే మోసుకుంటానంటే ఆయన వాదించలేదు. ఆ పూట ఆయన దేనికీ వాదించలేదు.

మంచాన పడ్డాక నన్ను చూసినప్పుడల్లా అడిగేది ఒకటే. “ఏమైనా కబురొచ్చిందాండీ?” నేను హైదరాబాదుకు ఫోను చేసి కనుక్కున్నాను. ఇటువంటివి ఎక్కడికక్కడ సర్దుకోవలసినవనీ, ప్రత్యేకంగా కేంద్రం అక్కరలేదనీ నిర్ణయించారట. అబద్ధం ఆడడం నాకు అలవాటు లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన గోడవైపు తిరిగారు.

“అయితే పీట తియ్యనివ్వకండి, మేడంగారూ.”

నాతో ఆయన అన్న ఆఖరి మాట అదే.

పెద్దకర్మ అయిన మరునాడు, బడి విడిచే వేళకు నేను వాళ్ళ అరుగు దగ్గరే ఉన్నాను. యూనిఫాంలో ఒక ఆడపిల్ల వచ్చి నిలబడింది. ఒక జడ ఊడిపోయి ఉంది.

“మాస్టారు లేరాండీ?”

లేరని చెప్పకుండానే, “ఏం జరిగిందమ్మా?” అన్నాను.

“మేం కొట్టుకున్నామని అంటున్నారండి మా టీచరుగారు. మేం కొట్టుకోలేదండి. నన్ను కొట్టారండి.”

అని, ఎప్పటినుంచో అలవాటున్నదానిలా వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుంది. ఎదుట పీట ఖాళీగా ఉంది. నా మోకాళ్ళు కింద కూర్చోవడం మానేసి ఏళ్ళయింది. ఎవరి చేయీ అడగని నేను, ఒక చేత్తో గోడనూ, రెండో చేత్తో ఆ పిల్ల భుజాన్నీ పట్టుకుని వంగాను. సగంలో ఆగిపోయాను. ఆ పిల్ల తల వంచి, నేను కూర్చుంటే చెబుదామని ఆ పీటవైపే చూస్తూ ఎదురుచూస్తోంది.